నాన్న నడిపిన యాభైరెండు

మార్చి 3, సోమవారం

అన్నయ్యా,

కూర్చున్నావా? కూర్చునే చదువు, నీకసలే మోకాళ్లు. ఫోన్ చేసి చెబుదామంటే బాయిలర్ షాపు నీ చెవులు రెండూ ఎప్పుడో మింగేసింది, ఇటు నేను అరవడం, అటు నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం. అందుకే కొట్లో కూర్చుని టైపు కొడుతున్నా. తప్పులుంటే సర్దుకో.

యాభైరెండు దొరికింది! నాన్న పందొమ్మిదేళ్లు నడిపిన మన యాభైరెండు. కోతకెళ్లిపోయింది, ముక్కలు చేసి కరిగించేశారు అన్నావే నువ్వు? ఏ కోతా లేదు. మన ఊళ్లోనే, నా కొట్టుకి రెండు బస్టాపుల దూరంలో, లక్షణంగా పట్టాల మీద నిలబడి ఉంది.

మొదట్నించీ చెప్తా. నువ్వు పనిచేసిన పాత లోకో షెడ్డునే ఇప్పుడు రైల్వే మ్యూజియం చేస్తున్నారు. వచ్చే నెల ఆరున తెరుస్తారట. ఇంజన్లకీ పెట్టెలకీ కావాల్సిన ప్రైమరు, ఎనామిలు అంతా మన రంగుల కొట్టు నుంచే. మీ బావగారు షేడ్ కార్డు పంపిస్తే చాలదా అన్నారు. ఇనుము మొహం చూడకుండా రంగు అమ్మితే మూడు నెలల్లో పెచ్చులూడి మన మొహాన పడతాయండీ అని నేనే బయల్దేరా.

అన్నయ్యా, అక్కడ నువ్వుండాలి! చెక్క బెంచీల మూడో తరగతి పెట్టె ఒకటుంది, ఎవరో బెంచీ మీద చాకుతో ఇల్లు బొమ్మ చెక్కారు, పొగగొట్టంతో సహా. టపా పెట్టెలో గోడ నిండా ఉత్తరాల గూళ్లు, తేనెపట్టులాగా. పెద్దాఫీసరు తిరిగే పెట్టెలో స్నానాల తొట్టి ఉంది, రైలు మలుపు తిరిగితే నీళ్లన్నీ ఎవరి మీద పోయేవో! చేత్తో తిప్పే క్రేను, ఎక్కడో కొండ ఊళ్ల నుంచి తెచ్చిన మంచు తోసే నాగలి లాంటి బండి, ఇంజన్లని ఎక్కించి గుండ్రంగా తిప్పే ఆ పెద్ద బల్ల (అదింకా తిరుగుతోంది, ఇద్దరం తోస్తే కదిలింది). ఆ బల్లకి ఎదురుగా, మూలని, మసిబారి, ఇత్తడి ప్లేటు మీద అంకె. యాభైరెండు. ఆ నూనె మరకల నేల మీదే కూర్చుండిపోయా. మ్యూజియం పనులు చూసుకునే మేడమ్ కుర్చీ వేయించింది.

ఆ ఆదివారం గుర్తొచ్చింది. నాన్న చూపు మందగించి బండి దిగిపోయాక, "ఒక్కసారి యాభైరెండుని చూసొస్తానురా" అని నిన్ను వేధిస్తే, నువ్వు మమ్మల్నిద్దర్నీ ఇదే షెడ్డుకి తీసుకెళ్లావు చూడు. నాకు తొమ్మిదేళ్లు. నాన్న ప్లేటు మీద అంకెల్ని వేళ్లతో తడిమాడు. నన్ను ఇంజను మీదకి ఎక్కించుకున్నాడు. టీ క్యాను చేతిలోంచి జారి ధబీమని నా కొత్త గౌను మీద పడింది. ఇంటికొస్తూ, నువ్వు ముందు నడుస్తుంటే, నా చెయ్యి పట్టుకుని, "మీ అన్నయ్యకి పని వచ్చేసిందే" అన్నాడు. ప్లేటు అంత తళతళా తోమినందుకు కాబోలు. ఆ క్యాను ఇప్పటికీ కొట్లో నా ఎదురుగానే ఉంది. బ్రష్షులు పెట్టుకుంటున్నా.

ఆగు, కస్టమరొచ్చాడు. వంటగదికి నల్లరంగు కావాలట! వద్దని చెప్పి పంపించి వచ్చా.

వెంటనే జవాబు రాయి. ఆరో తారీఖున నువ్వూ వదినా రావాల్సిందే.

గంతులేస్తూ,
నీ పిట్ట


మార్చి 6, గురువారం

పిట్టా,

నీ ఉత్తరం చదివాను. మీ వదినకీ చదివి వినిపించాను. స్నానాల తొట్టి దగ్గర నవ్వింది.

మ్యూజియం మంచి పనే. రంగు ఇవ్వు. కానీ ఒక మాట. పాత పెయింటు మరీ లోపలిదాకా గీకించవద్దు. పాత ఇనుము, పల్చబడి ఉంటుంది. చక్రాల్ని కలిపే రాడ్ల జోలికి అసలు వెళ్లనివ్వకు. వాటికి నూనె గుడ్డ పెడితే చాలు.

నేను రాలేను. మోకాళ్లు. పైగా మా మేడ మీద నీళ్ల గొట్టం కారుతోంది. ప్లంబరు రెండుసార్లు బిగించాడు, రెండుసార్లూ అడ్డదిడ్డంగా బిగించాడు. నేనే చూడాలి.

అన్నయ్య


మార్చి 10, సోమవారం

అన్నయ్యా,

ఇదేం జవాబు? నాన్న బండి దొరికిందంటే నీళ్ల గొట్టం కబుర్లు చెప్తావేంటి! నువ్వు ఆనందం పట్టలేక అలా రాసుంటావని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

నీ సలహా రంగులేసే మేస్త్రికి చెప్పా. గీకుడులో మా మేస్త్రిని మించినవాడు లేడు, పాపం ఆయనకి పౌరుషం వచ్చేసింది. "ఎవరమ్మా ఆ అన్నయ్యగారు? గీకకుండా రంగెయ్యమంటే గోడకి పౌడరు రాసినట్టే. నేనలాంటి పని చెయ్యను" అన్నాడు. నా మాట కూడా వినకుండా ముందు రాడ్లే పట్టాడు, నీ మీద పంతానికి.

ఇప్పుడసలు సంగతి. నాలుగు పొరలు ఊడొచ్చాక ఎడం పక్క రాడ్డు మీద అంకె బయటపడింది. పంచితో, అదే అచ్చు ఉలితో, ఇనుములోకి కొట్టిన అంకె. యాభైరెండు కాదు, ఎనభైయేడు. మేడమ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. "ఇదేంటండీ?" అంది. నేను తడుముకోకుండా, "మా అన్నయ్య ఇదే షెడ్డులో ఫిట్టరు, పెద్ద ఫిట్టరుగా రిటైరయ్యాడు, ఆయనకి తెలియని నట్టు లేదు, అడిగి చెప్తా" అన్నా. సరేనా? త్వరగా చెప్పు.

మీ బావగారు గంధం రంగు అడిగితే గోధుమ రంగు డబ్బా కట్టిచ్చి, అది వెనక్కొచ్చింది. ఇలాంటి మనిషితో వ్యాపారం.

ఉంటా,
పిట్ట


మార్చి 12, బుధవారం

పిట్టా,

షెడ్డులో పద్ధతి చెప్తాను. ఇంజను విప్పినప్పుడు ఏ సామాను ఏ బండిదో కలిసిపోకుండా ప్రతిదాని మీదా ఆ బండి నంబరు పంచి కొడతాం. కానీ అవసరం పడితే ఒక బండి రాడ్డు ఇంకో బండికి వేసేవాళ్లం. బండి పొద్దున్నే బయల్దేరాలి కదా. కాబట్టి ఒక్క రాడ్డు మీద అంకె చూసి ఇది ఫలానా ఇంజను అని ఎవరూ చెప్పలేరు.

అంతే నాకు తెలిసింది. ఆ మేడమ్ దగ్గర నా ప్రస్తావన తేకుండా ఉండాల్సింది. మేస్త్రిని ఇంక ఆపమను.

అన్నయ్య


మార్చి 17, సోమవారం

మా మంచి అన్నయ్యా,

నీ ఉత్తరం మేడమ్‌కి గట్టిగా చదివి వినిపించా. ఆఖరి రెండు వాక్యాలు మింగేశాలే. ఆవిడ ఎగిరి గంతేసింది. "ఇలా వివరంగా చెప్పగలిగినవాళ్లు ఇంకెవరున్నారండీ" అంది. ఇంజను ముందు పెట్టే బోర్డు మీద నాన్న సంగతి రాస్తారట, కింద "ఇది యాభైరెండేనని అప్పటి ఫిట్టరు ధ్రువీకరించారు" అని నీ మాట! కాగితం తయారుచేసింది, దీంతో పాటు పంపుతున్నా. సంతకం పెట్టి ఫోటో తీసి పంపు చాలు.

ఆరో తారీఖున తెరిచేది కూడా మనమే, డ్రైవరు గారి పిల్లలం. నేను మా వీధి వీధంతా చెప్పేశా. టైలరు, మందుల షాపాయన, ఎదురింటి టీచరమ్మ, అందరూ వస్తున్నారు. కొట్టు ముందు పలక కూడా పెట్టా: "మా నాన్నగారి ఇంజనుకి మా రంగే." మీ బావగారు ఎక్కువైందేమో అన్నారు. నాకైతే అక్షరాలు ఇంకొంచెం పెద్దవి ఉండాల్సింది అనిపిస్తోంది.

మోకాళ్లకి పట్టీలు కట్టుకుని రా. ఇంజను నిచ్చెన ఎక్కే పని లేదు, డ్రైవరు క్యాబ్ దగ్గర మెట్ల బల్ల వేయిస్తా.

గర్వంగా,
డ్రైవరు గారి కూతురు


మార్చి 20, గురువారం

పిట్టా,

సంతకం పెట్టను. నన్ను అడగొద్దు.

అన్నయ్య


మార్చి 22, శనివారం

అన్నయ్యగారికి,

అవును, గారు అనే రాస్తున్నా.

కారణం చెప్పకుండా పెట్టను అంటే నేను మేడమ్ మొహం ఎలా చూడాలి? నిన్న వెళితే ఏమైందో తెలుసా? మేస్త్రి రెండో పక్క కూడా గీకేశాడు. కుడి రాడ్డు ఎనభైయేడు. దాని వెనక చిన్న రాడ్లు, వాటి పిన్నులు, అన్నీ ఎనభైయేడే. ఒక్కటంటే ఒక్కటి యాభైరెండు లేదు. మేస్త్రి, "అమ్మా, చొక్కా ఒక్కటే మీ నాన్నగారిది, మనిషి వేరే" అన్నాడు. మేడమ్ మెత్తగానే చెప్పింది. మీ అన్నయ్యగారు రాసివ్వకపోతే ప్లేటు తీసేసి అద్దాల పెట్టెలో పెడతాం, ఇంజనుకి ఎనభైయేడు అని రాస్తాం, బోర్డు మీద మీ నాన్నగారి సంగతి ఉండదు అని.

ఒక్క సంతకం! నీకెందుకు చేతులు రావట్లేదో నాకు తెలుసు. ఆ ఆదివారం నాన్న నన్ను పైకెక్కించుకున్నాడు, నిన్ను కిందే నిలబెట్టాడు. పని నేర్చుకున్నది నువ్వు, ముద్దు చేసింది నన్ను. అది నీ మనసులో ఇన్నేళ్లూ ఉండిపోయింది. నాకు తొమ్మిదేళ్లన్నయ్యా, నేనేం చేశాను? కోపముంటే నా మీద చూపించు. నాన్న పేరు మీద కాదు.

కొట్టు ముందు పలక ఇంకా తియ్యలేదు. తియ్యను కూడా.

నీ చెల్లెలు


మార్చి 25, మంగళవారం

పిట్టా,

నాన్న నన్ను పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. నేనే ఎక్కలేదు.

ఎక్కి ఆయన పక్కన నిలబడే మొహం లేక ఎక్కలేదు. మేస్త్రి చెప్పింది నిజం. అది ఎనభైయేడే.

యాభైరెండు అప్పటికి మూడు నెలల ముందే కోతకెళ్లిపోయింది. నీకు నేను చెప్పింది అబద్ధం కాదు. వెళ్లే ముందు రోజు రెండు నంబరు ప్లేట్లూ విప్పి దాచాను. నాన్న టీ క్యాను తగిలించుకోవడానికి తనే చేయించుకుని క్యాబ్ గోడకి బిగించుకున్న కొక్కెం కూడా విప్పి తెచ్చుకున్నాను. అది ఇప్పటికీ మా తలుపు వెనకే ఉంది. తాళాలు వేలాడుతుంటాయి.

నాన్నకి చెప్పలేకపోయాను. చూపు పోయింది, బండి పోయింది, ఇప్పుడు అది ముక్కలైందని కూడా ఎలా చెప్పను? ఒక్కసారి చూపించరా అని రోజూ అడిగేవాడు. ఎనభైయేడు కూడా అదే రకం ఇంజను. సర్వీసు ఆపేసి మూలన పెట్టారు. శనివారం సాయంత్రం దాని ప్లేట్లు విప్పి యాభైరెండు ప్లేట్లు బిగించాను. ఆయనకి దగ్గరగా పెట్టుకుంటే తప్ప ఏదీ కనిపించదు, వేళ్లతో తడిమి నమ్మేస్తాడనుకున్నాను. నమ్మాడు. సోమవారం పొద్దున్నే విప్పేద్దామనుకున్నాను.

సోమవారం పొద్దున నేను వెళ్లేసరికే పెద్దాఫీసు వాళ్లొచ్చి ఉన్నారు. రాబోయే మ్యూజియం కోసం ఒక ఇంజను ఎంచుకుంటున్నారు. దాన్నే చూశారు. తెల్లరంగుతో గుర్తు పెట్టి, యాభైరెండు అని రాసుకున్నారు. నేను అప్రెంటిసుని. నోరు విప్పితే ఇంటికి పంపించేవాళ్లు. యాభైరెండు ఇక్కడే ఉంటే మరి కోతకెళ్లింది ఏది అని గుమాస్తా తల గోక్కుని, ఎనభైయేడై ఉంటుందిలే అని పుస్తకంలో కొట్టేసి రాసుకున్నాడు. అంతే. రెండు బండ్ల పేర్లు తారుమారైపోయాయి. గుర్తు పెట్టిన బండిని ఆ వారమే, మ్యూజియం కట్టేదాకా అని, వేరే ఊరికి తీసుకెళ్లి దాచారు.

ఇంకోటి కూడా చెప్పాలి. వారం తర్వాత ఎనభైయేడు డ్రైవరు నన్ను గేటు దగ్గర ఆపి, "నా బండి కోతకెళ్లిందటగదరా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను తల వంచుకుని వెళ్లిపోయాను. నాన్నని మోసం చేశాను, ఆయన్నీ మోసం చేశాను. అందుకే సంతకం పెట్టలేదు. ఇంకో అబద్ధం నా వల్ల కాదు.

మేడమ్‌కి ఇవ్వాల్సిన కాగితం దీంతో పంపుతున్నాను. "నా తండ్రిని మోసం చేయడానికి ప్లేటు మార్చాను" అని నా మాటల్లోనే రాశాను. ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. నీ కొట్టు ముందు పలక పోతుంది. అందుకు నన్ను క్షమించు.

అన్నయ్య


మార్చి 31, సోమవారం

పిట్టా,

ఆరు రోజులైంది. తిట్టడానికైనా రాయి.

అన్నయ్య


ఏప్రిల్ 1, మంగళవారం

అన్నయ్యా,

మొదటి రోజు తిట్టుకున్నా. బాగానే తిట్టుకున్నా, నీకు అక్కడ పొరబోయే ఉంటుంది. రెండో రోజు కొట్లో ఎవరేం అడిగినా వార్నిషే ఇచ్చానట, మీ బావగారు చెప్పారు. మూడో రోజు కాగితం పట్టుకుని మ్యూజియానికి వెళ్లా. మేడమ్ గదికి వెళ్లేముందు ఊరికే ఇంజను ఎక్కా.

నువ్వు కొక్కెం సంగతి రాశావు చూడు, అది బుర్రలో తిరుగుతూనే ఉంది. నాన్న నిలబడే చోట నిలబడ్డా. కుడి చెయ్యి పైకెత్తా. ఎత్తగానే గుర్తొచ్చింది.

క్యాను జారిందని రాశాను కదా నీకు? ఇన్నేళ్లూ అందరికీ అలాగే చెప్పా. జారలేదన్నయ్యా. నాన్న ఎక్కగానే చూడకుండా చెయ్యి తల పక్కకెత్తి, గోడకి తగిలించినట్టు పెట్టి, వదిలేశాడు. అక్కడ ఏమీ లేదు. అందుకే నా గౌను మీద పడింది. నేను ఏడుపు లంకించుకున్నా. నాన్న నా గౌను తుడవలేదు. ముందు ఆ గోడని తడిమాడు. అరచేత్తో, మెల్లగా, పైకీ కిందకీ. తర్వాత చాలాసేపు కిందకి, నువ్వు నిలబడ్డ వైపుకి తిరిగి నిలబడ్డాడు. నీ మొహం ఆయనకి కనిపించి ఉండదు. ఆ తర్వాతే నవ్వి, "ఏం లేదులేమ్మా, చెయ్యి తప్పింది" అన్నాడు.

ఆ గోడకి కొక్కెం బిగించిన కన్నం కూడా లేదు. నేనూ తడిమి చూశా.

నాన్నకి తెలుసు. అక్కడ నిలబడ్డ నిమిషంలోనే తెలిసిపోయింది. ప్లేట్లు బిగించావు, ఇత్తడి తోమావు, కొక్కెం ఒక్కటి మర్చిపోయావు, మహానుభావా! పందొమ్మిదేళ్లు క్యాను తగిలించుకున్న మనిషిని అంకెలతో నమ్మిద్దామనుకున్నావు.

ఇప్పుడు చెప్పు, దారిలో నా చెయ్యి పట్టుకుని "మీ అన్నయ్యకి పని వచ్చేసిందే" అన్నది ఇత్తడి తోమినందుకేనంటావా? ఆయన్ని రోజూ చూస్తూ, ఆయన కోసం ఒక బండిని ఇంకో బండిగా మార్చిపెట్టినందుకు అన్నాడు. ఇంటికెళ్లి నీతో చెప్పమన్నట్టే అన్నాడు. నేను గౌను పాడైందన్న ఏడుపులో మర్చిపోయా. ఆలస్యంగా అందజేస్తున్నా, తీసుకో.

కాగితం మేడమ్‌కి ఇచ్చేశా. నిజం నిజమే కదా. ఆవిడ రెండుసార్లు చదివి, "నాకు ఇంజను కంటే ఈ కాగితమే ఎక్కువ" అంది. ఇంజనుకి ఎనభైయేడు పేరు తిరిగొస్తోంది. అంకె రాసేది మేస్త్రి, రంగు నాది. మన ప్లేటుకి అద్దాల పెట్టె. నాన్న సంగతి, నీ సంగతి ఆ పెట్టె మీద.

ఎనభైయేడు డ్రైవరు గారి కూతుర్ని కూడా వెతికి పట్టుకున్నాం. ఆయన లేరు. ఆవిడకి ఫోన్ చేసి, మీ నాన్నగారి బండి బతికే ఉందండీ అన్నా. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "ఏ రోజు రావాలి?" అంది. ఆరో తారీఖున తెరిచేది ఆవిడే, నేనే చెప్పా మేడమ్‌కి. నువ్వొచ్చి ఆవిడకి గేటు దగ్గర చెప్పని మాట చెప్పాలి. అది నేను చెప్పిపెట్టేది కాదు.

పలక తీసేశా. కొత్తది పెట్టా: "ఎనభైయేడుకి మా రంగే." అక్షరాలు ఈసారి పెద్దవి.

నీ చెల్లెలు, అదే పిట్ట


ఏప్రిల్ 3, గురువారం

పిట్టా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ వదిన కళ్లజోడు లాక్కుని తను రెండుసార్లు చదివింది. తర్వాత ఇద్దరం టీ పెట్టుకుని చల్లారబెట్టుకున్నాం.

శనివారం సాయంత్రం బండికి వస్తున్నాం. మెట్ల బల్ల వద్దు. ఆ క్యాబ్‌లోకి నేను మామూలుగానే ఎక్కుతాను, ఎంతసేపు పట్టినా సరే. ఆవిడతో ముందు నేనే మాట్లాడతాను. ఏం చెప్పాలో అనుకుంటున్నాను, ఇంకా కుదరలేదు, అక్కడికొచ్చాక నోటికి వచ్చిందే చెప్తాను.

మేడమ్‌కి ఇచ్చిన కాగితంలో ఒకచోట దిద్దించు. "మోసం చేయడానికి" అని రాశాను. అది కొట్టేసి, "చూపించడానికి" అని రాయమను. సంతకం అక్కడికొచ్చి పెడతాను.

నీళ్ల గొట్టం కారడం ఆగింది. నేనే బిగించాను.

తలుపు వెనక కొక్కెం విప్పాను. తాళాలకి మేకు కొట్టాను. కొక్కెం జేబులో వేసుకుని వస్తున్నాను, ఆ అద్దాల పెట్టెలో ప్లేటు పక్కన బిగించడానికి స్క్రూలు కూడా తెస్తున్నాను. నాన్న టీ క్యాను శుభ్రంగా కడిగి ఉంచు. నీ బ్రష్షులకి ఇంకో డబ్బా చూసుకో.

అన్నయ్య